గుంటూరు, ప్రకాశం మైదానాల వ్యవసాయ విధాన సంస్థలు: పాలకమండళ్లు, సభ్యుల నేపథ్యం

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పండే పత్తి, మిర్చి, పొగాకు గురించి అధ్యయనం చేసి ప్రభుత్వాలకు సలహాలిచ్చిన సంస్థలు, ఆ సలహాలను అమలుచేసే బోర్డులు, ధరలు సిఫారసు చేసే కమిషన్లు గత తొంభై ఏళ్లలో అనేకం వచ్చాయి. కొన్ని ఈ నేలమీదే పుట్టాయి, కొన్ని హైదరాబాద్‌లో, మరికొన్ని ఢిల్లీలో. వాటిలో సభ్యులుగా, అధ్యక్షులుగా కూర్చున్నవారు ఎవరు, ఏ చదువులు, ఏ ఉద్యోగాలు, ఏ ఊళ్ల నుంచి వచ్చారు అన్నది ఈ వ్యాసం పరిధి. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో ఈ ప్రాంతం గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలుగా విడిపోయింది. కందుకూరు వైపు భాగం నెల్లూరులో కలిసింది. ఇక్కడ గుంటూరు, ప్రకాశం అన్నప్పుడల్లా పాత జిల్లాలే ఉద్దేశం.

ఇటువంటి సంస్థల చరిత్ర రాసేవారు సాధారణంగా నివేదికల పేర్లు, సిఫారసుల సంఖ్యలు ఏకరువు పెడతారు. ఎవరు రాశారన్నది అట్ట వెనక పేజీలో ఉండిపోతుంది. ఈ మైదానం విషయంలో మాత్రం ఆ వెనక పేజీ నుంచే మొదలుపెట్టడం మంచిది. ఏ పంటకు చట్టబద్ధమైన బోర్డు దక్కింది, దేనికి మద్దతు ధర దక్కింది, దేనికి ఏదీ దక్కలేదు అన్న ప్రశ్నకు జవాబులో చాలాభాగం అక్కడే దొరుకుతుంది.

నేల, పంటలు

నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్లు వదిలాక పల్నాడు, నరసరావుపేట, అద్దంకి, దర్శి ప్రాంతాల వ్యవసాయం స్వరూపమే మారిపోయింది. అంతకుముందు జొన్న, వరిగ, కంది వేసిన రేగడి చేలల్లో పత్తి, మిర్చి విస్తరించాయి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి వైపు వర్జీనియా పొగాకు. పొగాకు బోర్డు లెక్కల్లో ఈ ప్రాంతం దక్షిణ తేలిక నేలలు, దక్షిణ నల్లరేగడి నేలలు అని రెండు ముక్కలు. పెట్టుబడి ఎక్కువ, కౌలు ఎక్కువ, అప్పు ఎక్కువ, ధర ఎప్పుడు ఎటు పోతుందో తెలియదు. ఈ లక్షణాలు మూడు పంటలకూ ఉమ్మడివి. పంటల మీద పరిశోధనకు పాత కేంద్రం గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారం, 1922లో మొదలైంది. జి-4, ఎల్‌సీఏ 334 వంటి మిరప రకాలు, తెల్లదోమను తట్టుకునే కాంచన పత్తి రకం అక్కడివే. విత్తనం మీద పరిశోధనకు నూరేళ్ల చరిత్ర ఉన్నచోట ధర మీద, అప్పు మీద, కౌలు మీద పరిశోధన చాలా ఆలస్యంగా మొదలైంది, అదీ ఎక్కువగా ఊరి బయటివారి చేతుల్లో.

తొలి తరం: బారిస్టరు, ఆచార్యుడు, వకీలు

విధాన పరిశోధన అన్న మాట వాడుకలోకి రాకముందే ఆ పని చేసినవారు ఇక్కడ ఉన్నారు. ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టి, పేదరికంలో చదువుకుని, ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉంటూ మద్రాసు ఎస్టేటు భూముల చట్టంపై విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. సంఘం జిల్లాలు తిరిగి రైతుల సాక్ష్యాలు తీసుకుంది. భూమికి హక్కుదారు రైతే అని, శిస్తులను 1802 నాటి స్థాయికి తగ్గించాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు అప్పట్లో చట్టం కాలేదు, కానీ జమీందారీ రద్దుకు దారి వేసిన పత్రాల్లో అది ముఖ్యమైనది. వకీలు అడిగే తీరులో ప్రశ్నలు వేసి, రైతు నోటి మాటను రికార్డులోకి ఎక్కించిన పద్ధతి ఆ నివేదిక ప్రత్యేకత.

ఆచార్య గోగినేని రంగనాయకులు, అంటే ఎన్.జి. రంగా, 1900 నవంబరు 7న నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి 1926లో బి.లిట్. పట్టా తీసుకుని, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా చేరారు. ఆ ఏడే డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం ప్రచురించారు. గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని ఖర్చు, కూలి, అప్పు లెక్కకట్టిన తొలి తెలుగు ఆర్థికవేత్తల్లో ఆయన ఒకరు. 1930ల్లో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టి, పల్లెటూళ్ల యువకులకు ఆర్థికశాస్త్రం, చట్టాలు, ఉపన్యాసకళ నేర్పించారు. పరిశోధన, శిక్షణ, రాజకీయం మూడూ ఒకే కప్పు కింద నడిచాయి గనుక, నేటి కొలతల్లో దాన్ని స్వతంత్ర పరిశోధన సంస్థ అనలేం. కానీ గుంటూరు జిల్లా నేలమీద రైతు సమస్యల్ని పాఠ్యాంశం చేసిన తొలి సంస్థ అదే. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద అధ్యక్షులైతే, రంగా ప్రధాన కార్యదర్శి. 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. ఎనభైలు దాటిన వయసులో కూడా గుంటూరు లోక్‌సభ సభ్యుడిగా కొనసాగారు. 1995లో మరణించాక రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. రాష్ట్ర విభజన తర్వాత ఆ విశ్వవిద్యాలయం ప్రధాన కేంద్రం లాంకే చేరింది.

ఇదే కోవలో మరో ఇద్దరిని చెప్పుకోవాలి. నరసరావుపేట దగ్గర చిరుమామిళ్లలో పుట్టిన కాసు బ్రహ్మానందరెడ్డి వకీలు, 1964 నుంచి 1971 వరకు ముఖ్యమంత్రి. పదవి దిగిన మరుసటి ఏడు ఆరో ఆర్థిక సంఘానికి అధ్యక్షులై, కేంద్ర రాష్ట్రాల మధ్య పన్నుల పంపకం తేల్చే పనిలో ఉన్నారు. తెనాలి దగ్గర యలవర్రు రైతు కుటుంబం నుంచి వచ్చిన యలవర్తి నాయుడమ్మ తోళ్ల పరిశ్రమ శాస్త్రవేత్త. శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా ఉండగా కరీంనగర్ జిల్లాను ఎంచుకుని, ప్రయోగశాలల్లోని విజ్ఞానాన్ని జిల్లా అభివృద్ధికి ముడిపెట్టే ప్రయత్నం చేశారు. తన సొంత జిల్లాను కాకుండా వెనుకబడిన జిల్లాను ఎంచుకోవడం గమనించదగ్గ విషయం. 1985 జూన్‌లో కనిష్క విమానం బాంబు పేలుడులో మరణించారు.

పొగాకు బోర్డు

ఈ మైదానంలో కేంద్ర కార్యాలయం ఉన్న ఏకైక జాతీయ పంట బోర్డు ఇది. పొగాకు బోర్డు చట్టం 1975లో వచ్చింది, బోర్డు 1976 జనవరి 1న గుంటూరులో ఏర్పడింది. కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తుంది. వ్యవసాయ శాఖ కింద కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే బోర్డు స్వభావం సగం అర్థమవుతుంది. ఎగుమతులు, విదేశీ మారకద్రవ్యం దాని పుట్టుకకు కారణం. పొగాకు వ్యాపారం ఇక్కడ బోర్డుకంటే పాతది. గుంటూరులో ఐఎల్‌టీడీ కంపెనీ 1912 నుంచే ఉంది. వర్జీనియా ఆకును ఈ నేలకు అలవాటు చేసింది, విత్తనం ఇచ్చింది, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ కట్టించింది, కొనుక్కున్నది అన్నీ కంపెనీలే.

బోర్డు కూర్పును చట్టమే నిర్దేశిస్తుంది. ఛైర్మన్‌ను కేంద్రం నియమిస్తుంది. లోక్‌సభ నుంచి ఇద్దరు, రాజ్యసభ నుంచి ఒకరు ఎంపీలు ఉంటారు. కేంద్ర మంత్రిత్వ శాఖల ప్రతినిధులు, పొగాకు పండించే రాష్ట్రాల ప్రతినిధులు, సాగుదారులు, వ్యాపారులు, ఎగుమతిదారులు, తయారీదారులు, మార్కెటింగ్ లేదా వ్యవసాయ ఆర్థిక రంగ నిపుణులు తతిమ్మా స్థానాల్లో కూర్చుంటారు. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా మొదలైన సంస్థ సాగు విషయాల్లో దన్నుగా ఉంటుంది. ఛైర్మన్ కుర్చీలో చాలాకాలం ఐఏఎస్ అధికారులే కూర్చున్నారు. 2019 తర్వాత రాజకీయ రంగం నుంచి వచ్చినవారూ ఆ పదవి చేపట్టారు. రోజువారీ పాలన ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ చేతిలో ఉంటుంది.

సాగుదారు, కొనుగోలుదారు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోవడం ఈ బోర్డుకున్న ప్రత్యేకత. ఏటా ఎన్ని కిలోల పంట పండించాలో బోర్డు నిర్ణయిస్తుంది. ఆ అంకెను బట్టి ఒక్కో బ్యారన్‌కు ఇంత అని కోటా వస్తుంది. కంపెనీల ప్రతినిధులు తమకు కావలసిన పరిమాణం చెబుతారు, రైతు ప్రతినిధులు ధర పడిపోకుండా పరిమాణం తగ్గించమనో, పెట్టుబడులు పెరిగాయి గనుక కోటా పెంచమనో వాదిస్తారు. ఆ సమావేశంలో మాట తూకం ఎటు వైపు మొగ్గిందో మార్చిలో వేలం మొదలైనప్పుడు తెలుస్తుంది.

వేలం పద్ధతి కర్ణాటకలో 1984లో, ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మొదలైంది. టంగుటూరు వేలం కేంద్రంలోకి పొద్దున్నే అడుగుపెడితే, బేళ్లు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. ప్రతి బేలు మీద రైతు రిజిస్ట్రేషన్ వివరాలు, బరువు, గ్రేడు రాసిన చీటీ. కొనుగోలుదారు ఆకు వేళ్ల మధ్య నలిపి, రంగు చూసి, వాసన చూసి ముందుకు కదులుతాడు. ఒక్కో బేలు దగ్గర ఆగేది కొద్ది క్షణాలే. ధర నచ్చకపోతే బేలును వెనక్కి తీసుకునే హక్కు రైతుకుంది. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతకుముందు ఆకు తోలి, చీటీ రాయించుకుని, డబ్బు కోసం కంపెనీ గుమాస్తా చుట్టూ నెలల తరబడి తిరిగిన రోజులు తెలిసిన పెద్దలు వేలాన్ని గొప్ప మేలుగానే చెబుతారు. బోర్డులో రైతు ప్రతినిధులు ఉండటం వల్ల జరిగిన పనుల్లో దీన్ని ముందు చెప్పుకోవాలి.

అయితే బోర్డు పరిధి వేలం కేంద్రాల్లో అమ్మే వర్జీనియా పొగాకుకే. పర్చూరు, ఇంకొల్లు, చిలకలూరిపేట ప్రాంతాల్లో పండే నల్ల బర్లీకి ఈ వేలం లేదు. కంపెనీలు విత్తనమిచ్చి, నోటిమాటగా కొంటామని చెప్పి పండిస్తాయి. 2025లో కంపెనీలు కొనుగోలుకు వెనకడుగు వేసినప్పుడు ఆకు ఇళ్లలో, కల్లాల్లో పేరుకుపోయింది. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలు చేయించింది. కూతవేటు దూరంలో జాతీయ బోర్డు భవనం ఉండి కూడా ఆ రైతు ఎక్కవలసిన గడప అది కాకపోవడం విడ్డూరమే.

పత్తి: కమిషన్ల కాలం

పత్తికి ఇటువంటి బోర్డు లేదు. భారత పత్తి సంస్థ కొనుగోలు చేస్తుంది, వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ మద్దతు ధర సిఫారసు చేస్తుంది. 1965లో వ్యవసాయ ధరల కమిషన్‌గా పుట్టి 1985లో ఇప్పటి పేరు తెచ్చుకున్న ఈ సంస్థలో అధ్యక్షుడు, సభ్య కార్యదర్శి, ఒక అధికారిక సభ్యుడితో పాటు రైతుల తరఫున ఇద్దరు అనధికార సభ్యులు ఉండాలి. ఆ రెండు స్థానాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న సందర్భాలున్నాయి. అధ్యక్షులుగా వచ్చేది ఎక్కువగా వ్యవసాయ ఆర్థికవేత్తలే.

వారిలో ఈ నేల మనిషి ఒకరున్నారు. గుంటూరు జిల్లా తుళ్లూరుకు చెందిన సూర్యదేవర మహేంద్రదేవ్ హైదరాబాద్‌లోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రానికి దాదాపు దశాబ్దం పాటు డైరెక్టరుగా ఉండి, 2008 నుంచి 2010 వరకు ధరల కమిషన్‌కు అధ్యక్షులయ్యారు. ఆ తర్వాత ముంబైలోని ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థకు డైరెక్టరు, ఉపకులపతి. 2025లో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలికి అధ్యక్షులుగా నియమితులయ్యారు. పరిశోధన సంస్థలో రాసిన అంకెల్ని ప్రభుత్వ కుర్చీలో కూర్చుని అమలుకు పంపే అవకాశం వచ్చిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

పత్తి మీద గంభీరమైన పరిశోధనకు ప్రేరణ మాత్రం విషాదం. 1980ల నడుమ తెల్లదోమ విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినా తగ్గలేదు, కొట్టినకొద్దీ పెరిగింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. అప్పటికి రైతు ఆత్మహత్య అన్న మాట దేశంలో ఇంకా చర్చలోకి రాలేదు. పదేళ్ల తర్వాత వరంగల్ ప్రాంతంలో అదే పునరావృతమయ్యాకే ఆర్థికవేత్తలు వెనక్కి తిరిగి ప్రకాశం జిల్లా వైపు చూశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు జి. పార్థసారథి సహ రచయితతో కలిసి 1998లో రాసిన పరిశోధన వ్యాసం ఆ తొలి ప్రయత్నాల్లో ఒకటి.

2004లో రాష్ట్ర ప్రభుత్వం రైతు సంక్షేమ కమిషన్ వేసింది. అధ్యక్షురాలు జయతీ ఘోష్, అప్పట్లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యులు. తెలుగు నేలతో ఆమెకు అంతకుముందు పెద్దగా సంబంధం లేదు, అది కొందరికి అభ్యంతరం కూడా అయింది. కానీ కమిషన్ జిల్లాలు తిరిగి, రైతులతో మాట్లాడి, ఒక సూటి మాట చెప్పింది: సాగు చేసేవారినందరినీ, కౌలుదారులతో సహా, నమోదు చేసి బ్యాంకు రుణం అందేట్టు చూడాలి. అదే ఏడు కేంద్రం ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ వేసింది. అందులో శాస్త్రవేత్తలు, బ్యాంకింగ్ నిపుణులతో పాటు కిసాన్ సభ నాయకుడు అతుల్ కుమార్ అంజన్ కూడా సభ్యులు. సాగు ఖర్చుకు కనీసం యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలన్న 2006 సిఫారసు ఆ కమిషన్‌దే. 2007లో వ్యవసాయ రుణభారంపై నిపుణుల బృందం నివేదిక ఇచ్చింది. దాని అధ్యక్షులు ఆర్. రాధాకృష్ణ ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, హైదరాబాద్ అధ్యయన కేంద్రం డైరెక్టరుగా పనిచేసినవారు.

విత్తనం ధర విషయంలో మాత్రం మార్పు తెచ్చింది ఆర్థికవేత్తలు కాదు, అధికారులు. బీటీ పత్తి విత్తనం ప్యాకెట్టు ధర పదహారు వందలు దాటి ఉన్నప్పుడు రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య వ్యాపార నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది. వ్యవసాయ కమిషనర్‌గా ఉన్న పూనం మాలకొండయ్య ఆ పోరాటానికి ముందు నిలిచారు. ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది. మరుసటి ఏడు పత్తి విత్తనాలపై రాష్ట్ర చట్టం వచ్చింది.

హైదరాబాద్ సంస్థలు

ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం, వాడుకలో సెస్, 1980లో బేగంపేటలో ఏర్పడింది. 1986 నుంచి భారత సామాజికశాస్త్ర పరిశోధన మండలి గుర్తింపు ఉంది. వ్యవస్థాపకుల్లో ముఖ్యులు బి.పి.ఆర్. విఠల్, రాష్ట్ర ఆర్థిక, ప్రణాళికా శాఖల్లో దీర్ఘకాలం కార్యదర్శిగా చేసిన ఐఏఎస్ అధికారి, తర్వాత పదో ఆర్థిక సంఘం సభ్యుడు. ఫైళ్లలో చూసిన లెక్కలకు, పల్లెల్లో కనిపించే బతుకులకు మధ్య దూరం తెలిసిన అధికారి ఒక పరిశోధన సంస్థ కావాలనుకోవడం సహజమే. ఆయనతో పాటు సంస్థకు దిశ చూపిన సి.హెచ్. హనుమంతరావు కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చిన వ్యవసాయ ఆర్థికవేత్త, 1980ల్లో ప్రణాళికా సంఘం సభ్యుడు. రాష్ట్ర మానవాభివృద్ధి నివేదిక 2007 ఇక్కడే తయారైంది. సభ్యుల నేపథ్యాలు చూస్తే విశ్వవిద్యాలయం, సచివాలయం, ప్రణాళికా సంఘం అన్న త్రికోణం స్పష్టంగా కనబడుతుంది. ఆ త్రికోణం లోపల పాండిత్యానికి కొరత లేదు. బయట ఉన్నవారు లోపలికి వచ్చే దారి మాత్రం ఇరుకు.

ప్రజాస్వామ్య సంస్కరణల పరిశోధనకు పేరుపడ్డ ఫౌండేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ తీరు వేరు. వ్యవస్థాపకులు నాగభైరవ జయప్రకాశ్ నారాయణ గుంటూరు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ చదివి, 1980లో ఐఏఎస్‌లో చేరి, ప్రకాశం, తూర్పు గోదావరి జిల్లాల కలెక్టరుగా పనిచేసి, 1996లో ఉద్యోగం వదిలేశారు. ఈ సంస్థ పరిశోధన, లోక్‌సత్తా ఉద్యమం జంటగా నడిచాయి. 1999 ఎన్నికల్లో నేరచరితులైన అభ్యర్థుల జాబితా బయటపెట్టడం ఆ రోజుల్లో సంచలనం. సమాచార హక్కు, పార్టీల నిధులు, గ్రామ న్యాయాలయాలు వంటి విషయాల్లో జాతీయ స్థాయి చర్చకు ముడిసరుకు ఇక్కడినుంచి వెళ్లింది. జయప్రకాశ్ జాతీయ సలహా మండలిలోనూ, 2005లో వీరప్ప మొయిలీ అధ్యక్షతన ఏర్పడిన రెండో పరిపాలనా సంస్కరణల సంఘంలోనూ సభ్యులు. వైద్యం, కలెక్టరు గిరీ, ఉద్యమం, చివరికి ఎమ్మెల్యే పదవి ఒకే మనిషి జీవితంలో కలవడం వల్ల సంస్థకు పలుకుబడి వచ్చింది. పరిశోధన ఎక్కడ ఆగి రాజకీయం ఎక్కడ మొదలైందన్న విమర్శ కూడా అందువల్లే వచ్చింది. రంగా విద్యాలయానికీ ఇదే విమర్శ వర్తించేది.

రైతు సహకార సంఘాలను సర్కారు పెత్తనం నుంచి విడిపించిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లో వచ్చింది. దాని వెనక కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ చేసిన కృషి ఉంది. ఆ సంస్థలో పనిచేసిన శశి రాజగోపాలన్ తర్వాత రిజర్వు బ్యాంకు కేంద్ర బోర్డులో డైరెక్టరయ్యారు. ఈ వ్యాసంలో స్త్రీల పేర్లు ఎంత తక్కువగా వస్తున్నాయో పాఠకులు ఈపాటికి గమనించే ఉంటారు. మిరపకాయ కోసేది, పత్తి తీసేది, పొగాకు గ్రేడు చేసేది ఎక్కువగా స్త్రీలే.

ఇంకోరకం పరిశోధన గ్రామం నుంచి మొదలవుతుంది. కొల్లూరు మండలం అనంతవరాన్ని 1970ల్లో పుచ్చలపల్లి సుందరయ్య సర్వే చేశారు. అది వరి పండే డెల్టా ఊరు, పత్తి ఊరు కాదు, కానీ కౌలు సంగతి రెండుచోట్లా ఒకటే. ముప్పై ఏళ్ల తర్వాత, 2005-06లో, వి.కె. రామచంద్రన్, వికాస్ రావల్, మధుర స్వామినాథన్‌ల బృందం అదే ఊరికి వెళ్లి ఇంటింటి లెక్కలు తీసింది. 2010లో పుస్తకంగా వచ్చింది. ఒక ఊరిని తరం తేడాతో రెండుసార్లు కొలిచిన అధ్యయనాలు మనకు చాలా తక్కువ.

మిర్చి: ఎవరి బోర్డు?

గుంటూరు మిర్చి యార్డును ఆసియాలోనే పెద్దదని చెప్పుకుంటారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు రోడ్డు పొడవునా నిలబడతాయి. కొనుగోలుదారు కాయ విరిచి, గింజ చూసి, అరచేతిలో బరువు అంచనా వేసి ధర చెబుతాడు. తేజకు ఒక ధర, బాడిగకు ఒకటి, 334కు ఒకటి, తాలుకు మరొకటి. చుట్టూ శీతల గిడ్డంగులు. ఈ యార్డును నడిపేది 1966 నాటి మార్కెట్ల చట్టం కింద ఏర్పడే వ్యవసాయ మార్కెట్ కమిటీ. సాగుదారులు, వ్యాపారులు, అధికారులు సభ్యులు. నియామకాలు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉండటంతో ప్రభుత్వం మారగానే కమిటీ మారుతుంది. 2019లో వచ్చిన చట్టాలు నామినేటెడ్ పదవుల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, సగం మహిళలకు కేటాయించాయి. సభ్యుల నేపథ్యాల్లో ఇటీవల కనిపించే మార్పుకు అదే కారణం. కానీ ఈ కమిటీ యార్డు నిర్వహిస్తుంది, ధర విధానం నిర్ణయించదు.

జాతీయ స్థాయిలో మిర్చి సుగంధ ద్రవ్యాల బోర్డు జాబితాలో ఉంది. 1986 చట్టంతో ఏర్పడిన ఆ బోర్డు కొచ్చిలో ఉంటుంది. జాబితాలో 52 సుగంధ ద్రవ్యాలు. సాగు అభివృద్ధి బాధ్యత ప్రధానంగా ఏలకులది, మిర్చికి దక్కేది ఎక్కువగా ఎగుమతి, నాణ్యత పరీక్షల వ్యవహారం. సభ్యత్వంలోనూ సాగుదారులకంటే ఎగుమతిదారుల స్థానాలు ఎక్కువ. యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు కట్టడం ఈ ప్రాంతానికి ఆ బోర్డు చేసిన కనిపించే పని. మద్దతు ధర ప్రకటించే 23 పంటల్లో మిర్చి లేదు.

దీని ఫలితం చెడ్డ ఏడాదుల్లో తేటతెల్లమవుతుంది. 2021-22లో కొత్తరకం తామర పురుగు పూతను తినేసినప్పుడు లాం శాస్త్రవేత్తలు సలహాలిచ్చారు. పరిహారం మీద, అప్పుల మీద మాట్లాడే చట్టబద్ధమైన వేదిక లేదు. 2025 ఫిబ్రవరిలో ధరలు కూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. అదీ రైతులు రోడ్డెక్కాక, రాష్ట్రం ఢిల్లీకి ఉత్తరాలు రాశాక. అంతకు నెల ముందే నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మిర్చికీ బోర్డు కావాలన్న కోరిక అందుకే బలపడింది. బోర్డు వస్తే ధర దానంతటదే పెరగదు. పొగాకు అనుభవం ఆ సంగతి చెబుతోంది. కానీ సాగుదారుకు చట్టంలో ఒక కుర్చీ ఉంటుంది, అడిగే హక్కు ఉంటుంది.

రైతు సాధికార సంస్థ

2014లో రుణ ఉపశమనం కోసం ప్రభుత్వం పెట్టిన ఈ లాభాపేక్ష లేని కంపెనీ గుంటూరు కేంద్రంగా ప్రకృతి వ్యవసాయం వైపు మళ్లింది. దీన్ని నడిపిన టి. విజయ్‌కుమార్ విశ్రాంత ఐఏఎస్ అధికారి, అంతకుముందు పేదరిక నిర్మూలన సంస్థలో మహిళా సంఘాల ఉద్యమానికి సారథి. ఆ నేపథ్యమే ఇక్కడి పద్ధతిని నిర్ణయించింది. ఊళ్లో శిక్షకులు శాస్త్రవేత్తలు కారు, అనుభవం ఉన్న రైతులు, అందులోనూ స్త్రీలు. 2024లో ఈ కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతి మరో ఇద్దరు గ్రహీతలతో కలిపి దక్కింది. నాయకుడి పూర్వానుభవం సంస్థ స్వభావంగా మారడానికి ఇంతకంటే తేలికగా కనిపించే ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు.

ఖాళీగా ఉన్న కుర్చీ

మైదానంలో మిర్చి, పత్తి వేసేవారిలో పెద్ద భాగం కౌలుదారులు. ఎకరాకు ముందే కౌలు కట్టి, పెట్టుబడి కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చి, పంట అతనికే తోలే పద్ధతి పల్నాడు అంతటా ఉంది. జయతీ ఘోష్ కమిషన్ చెప్పిన నమోదు 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టంగా వచ్చింది. రుణ అర్హత కార్డులిచ్చారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. కార్డు గడువు పదకొండు నెలలు, యజమాని సంతకం తప్పనిసరి. ఆ సంతకం పెట్టడానికి యజమానులు జంకుతారు, అందువల్ల కార్డు దక్కని కౌలుదారులే ఎక్కువ.

ఈ వ్యాసంలో వచ్చిన సభ్యుల్లో బారిస్టరు ఉన్నారు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆచార్యుడున్నారు, ఐఏఎస్ అధికారులు, ఆర్థికవేత్తలు, ఎగుమతిదారులు, సొంత భూమి ఉన్న రైతులున్నారు. పొగాకు బోర్డు చట్టంలో గానీ, సుగంధ ద్రవ్యాల బోర్డు చట్టంలో గానీ, ధరల కమిషన్ కూర్పులో గానీ కౌలురైతు పేరిట కేటాయించిన సభ్యస్థానం ఒక్కటీ లేదు. మిర్చి బోర్డు బిల్లు ఎప్పుడైనా రాస్తే, కూర్పు చెప్పే సెక్షన్‌లో ముందుగా చేర్చవలసిన వరుస అదే.